సత్యంకారము

ఎర్రగుంట్లనుండి వేంపల్లెకు పోవు త్రోవలో, వీరపునాయునిపల్లెకు కూతవేటు దూరమున, నల్లరేగడి చేల నడుమ ఒక రేకుల కొట్టము కలదు. నేల నిండ కడపబండలు పరచియున్నవి. నడుమ దిరిసెన మ్రానితో తొలిచిన రోలు, దానిలో తిరుగుటకు కట్టెరోకలి, దానిని త్రిప్పుటకు కరెంటు మోటారు. ఒక మూల తగరపు డబ్బాలు. మరియొక మూల అట్టపెట్టెలలో ఖాళీ సీసాలు. వాని ప్రక్కనే, సీసాలపై అతికించుటకై రంగురంగులుగా అచ్చువేయించిన చీటీల కట్టలు, కట్టిన దారమైనను విప్పకుండ అట్లే యున్నవి. ఆ గానుగ మా మేనల్లునిది. పదునాలుగు నెలలపాటు అది టార్పాలిను పట్ట క్రింద కదలక పడియుండగా చూచి చూచి, మరియొక యింటి బిడ్డకైనను ఉపకరించునేమో యను ఆశతో నేడీ నాలుగు మాటలు వ్రాయ పూనుకొంటిని.

మేనల్లుడు మూర్ఖుడు గాడు, సోమరియు గాడు. బెంగుళూరులో ఎనిమిదేండ్లు ఉద్యోగము చేసి, కరోనా ఏట ఇంటికి వచ్చి, మరల పోవుటకు మనసొప్పక, తండ్రి సేద్యము చేసిన నేలమీదనే ఏదో ఒక పని కల్పించుకొనవలెనని తలచినవాడు. శనక్కాయ పండు సీమలో పుట్టి పొట్లపు నూనె కొని తినుటయేమి యని వానికి తోచినది. తోచినంతనే తొందరపడలేదు. సాయంకాలములందు మోటారుసైకిలుపై ఊరూరు తిరిగి, నలువది యిండ్ల గడపలెక్కి అడిగినాడు: "కట్టెగానుగ నూనె, కల్తీ లేనిది, మన ఊర్లోనే ఆడించి ఇస్తే తీసుకుంటారా?" అడిగిన ప్రతి యింటను వానిని కూర్చుండబెట్టి మజ్జిగ యిచ్చినారు. "మంచి నూనె యాడ దొరుకుతాంది నాయనా! నువ్వు పెడితే మేం కొనకుండా పోతామా?" అని పెద్దలు దీవించిరి. వాడు నాయొద్దకు వచ్చి, "మామా, నలభై ఇండ్లు అడిగినా, ఒక్కరు గూడా వద్దనలే" అని చెప్పినపుడు వాని కన్నులలో మెరసిన వెలుగు నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. నేనును భేషంటిని. ఆ విధముగా నాది నలువదియొకటవ యిల్లయినది.

వాని భార్యయగు కోడలి నగలు ప్రొద్దుటూరిలో కుదువపడినవి. ఒక బ్యాంకు అప్పిచ్చినది. ఆ అప్పు కొరకు సమర్పించిన నివేదికలో "విపణి అవకాశములు" అను శీర్షికతో ఒక పుట కలదు. దానిని వ్రాసి యిచ్చిన పెద్దమనిషి మా ఊరిని ఎన్నడును చూచినవాడు కాడు. గానుగ తిరిగిన తొలినాళ్లలో జనము వచ్చి, వాసన చూచి, మెచ్చుకొని, తలకొక సీసా పట్టుకొని పోయిరి. రెండవ సీసాకు తిరిగి వచ్చినవారు పదిమంది లేరు. కారణము గూఢమైనది కాదు. ఒక లీటరు నూనె దిగుటకు ఇంచుమించు రెండున్నర కిలోల శనగవిత్తనాలు పట్టును; విత్తనాల వెల, కూలి, కరెంటు కలిపి లెక్క వేసినచో, ఆ లీటరు వెల అంగడిలోని పొట్లపు నూనెకు రెట్టింపు దరిదాపులకు పోవును. నెలాఖరున చేతిలోని నోట్లు లెక్కపెట్టుకొను ఇల్లాలు తానిచ్చిన దీవెనను మరువలేదు. కాని పొట్లము కొన్నది. ఆమెను తప్పుపట్టగలవారెవరు? మేనల్లుడడిగిన ప్రశ్నలో వెల లేదు. ఆమె యిచ్చిన ప్రత్యుత్తరములోను అది లేదు.

ఆ నలువది యిండ్లలో ఒక్కరును అబద్ధమాడలేదని నా నిశ్చితాభిప్రాయము. గడప తొక్కిన బిడ్డను నిరుత్సాహపరచి పంపు ఆచారము మన సీమలో లేదు, ఉండకూడదు కూడ. "తీసుకుంటారా?" యని అడిగినవానికి "తీసుకుంటాము" అనుట ఇచట అతిథిమర్యాద వంటిది. మర్యాదను గిరాకి యని భ్రమించుట మాత్రమే పొరపాటు. మంచి నూనె తినవలెనను కోరిక నలువది యిండ్లలోను నిజముగనే యున్నది. కాని కోరిక వేరు, కొనుగోలు వేరు. ఆ రెంటి నడుమ ఇల్లాలి కొంగుముడి యున్నది. దానిని ఆమెచేత విప్పించి చూడనిదే, గిరాకి యున్నదో లేదో బ్రహ్మకైనను తెలియదు.

దీనికి మన పూర్వులు ఒక చక్కని మాట నిలిపి పోయినారు. అమరకోశము వైశ్యవర్గమున సత్యంకారమను పదము కలదు. బేరమును స్థిరపరచుటకై ముందుగా కొంత చెల్లించి మాటను ఖాయము చేయుట దాని యర్థము. సత్యమును చేయుట యని దాని అవయవార్థము. అనగా నోట పలికిన మాట అప్పటికింకను సత్యము కాలేదనియు, చేతినుండి సొమ్ము జారిన క్షణముననే యది సత్యమగుననియు ఆ మాట కల్పించినవారు ఎరుగుదురు. తెలుగున దానినే సంచకరువనిరి. నేడు బయానా యనుచున్నాము, అడ్వాన్సు అనుచున్నాము. పేరేదైననేమి, ఇంతటి తత్త్వము నాలుగక్షరములలో ఇమిడియున్న మాట వర్తకులకు సంబంధించిన పదజాలములో మరియొకటి నాకు కనబడదు.

ప్రొద్దుటూరిని రెండవ బొంబాయి యని ఊరక యనలేదు. అచ్చటి బంగారపు అంగళ్లలో ఒక మధ్యాహ్నము కూర్చుండి చూచినవారికి ఈ సత్యంకారము కంటికి కట్టును. పెండ్లివారు వత్తురు, నమూనాల పుస్తకము తిరుగవేయుదురు, ఈ గొలుసు బాగున్నదందురు, ఆ హారము మరింత బాగున్నదందురు, అమ్మాయి మెడకు పట్టి అద్దములో చూతురు. అంగడివాడు టీ తెప్పించును, నవ్వును, అన్నింటికి తల యూచును. కలము మాత్రము ముట్టడు. పెండ్లికొడుకు తండ్రి జేబునుండి నోట్లు తీసి గాజుబల్లపై నుంచిన తరువాతనే చీటి పుస్తకము సొరుగులోనుండి బయటికి వచ్చును. తూకమెంత, మచ్చు ఏది, ఇయ్యవలసిన దినమేది యని వ్రాసి, చీటిని నడిమికి చింపి, సగము వారికిచ్చి సగము తానుంచుకొనును. అటుపిమ్మటగాని ఆ బంగారము పనివాని కుంపటి మీదకు పోదు. ఎన్ని మెచ్చుకోళ్లు వినినను, ఆ మెచ్చుకోళ్లను నమ్మి ఒక్క గొలుసునకైనను అతడు బంగారము కరగింపడు. ఇది లోభము గాదు. తరతరములుగా నేర్చిన విద్య.

అదే ప్రొద్దుటూరికి నగలు కుదువపెట్టుటకు పోయిన మా మేనల్లుడు, ఆ అంగడివాని చేతిలోని చీటిని ఒక్కసారి శ్రద్ధగా చూచియుండిన ఎంత బాగుండెడిది!

నిజమునకు పూర్వపు పల్లెటూరి వృత్తులన్నియు ఈ సూత్రము మీదనే నిలిచియుండెడివి. గానుగనే తీసికొందము. ఆ కాలపు గానుగవాడు శనగవిత్తనాలు కొని నిలువచేసి, నూనె తీసి, సీసాలకెత్తి, కొనువారికొరకు ఎదురుచూడలేదు. రైతే తన విత్తనాలను గంపలో మోసుకొని వచ్చి, ఎదుట కూర్చుండి ఆడించుకొని, నూనె తాను తీసికొని పోయెడివాడు. ఆడించినవానికి కూలియో, చెక్కయో, రెండునో దక్కెడివి. గిరాకియు, ముడిసరకును ఒకే గంపలో వచ్చెడివి. కమ్మరి కొలిమిలో కర్రు కాలవలెనన్న రైతు ఇనుము తేవలెను. జమ్మలమడుగు మగ్గములపై నేడును నేతగాండ్రకు నూలిచ్చి, నేత నేయించుకొని, కూలి ముట్టజెప్పు పద్ధతి యున్నదిగదా. దానిలోని లోపములు వేరు, అవి నేతగానిని ఎదుగనీయకుండ చేయుటయు నిజమే, కాని అమ్ముడుపోని చీర భారము వాని నెత్తిన పడదు. పులివెందుల ప్రాంతమున చీనీ తోటను కాయ కోతకు రాకముందే వ్యాపారికి గుత్తకిచ్చి బయానా పుచ్చుకొనుటలోను ఈ వివేకమే యున్నది. మనము నేర్చుకొనవలసినది పరదేశములనుండి తెచ్చుకొనవలసిన క్రొత్త విద్య కాదు. మరచిపోయిన సొంత విద్య.

ఈ ప్రశ్న అడుగక కట్టినచో ఏమగునో తెలుపుటకు మన జిల్లాలోనే నూటయేబది యేండ్లనాటి సాక్ష్యమొకటి నేటికిని పారుచున్నది. కర్నూలు–కడప కాలువను ఎరుగనివారు ఈ సీమలో లేరు. కాని అది ఒకనాడు లాభమునకై పెట్టిన వ్యాపారమని ఎరిగినవారు కొలదిమంది. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున 1847–52 సంవత్సరముల నడుమ ఆనకట్ట కట్టి గోదావరి డెల్టాను అన్నపూర్ణగా మార్చిన పిమ్మట, ఆ విజయము చూచిన కన్నులకు దక్షిణదేశమంతయు ఒక డెల్టావలెనే కనబడసాగినది. తుంగభద్ర నీటిని బళ్లారి సీమనుండి నెల్లూరు తీరమువరకు నడిపి, ఆ నీటితో పైరులు పండించుటయేగాక పడవలు కూడ నడపవచ్చునని ఒక మహాసంకల్పము పుట్టినది. దానిలో ఒక భాగమును నెరవేర్చుటకు మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ యను ఆంగ్లేయుల సంస్థ పూనుకొన్నది. పది లక్షల పౌనుల మూలధనము. దానిపై నూటికి ఐదు వంతున వడ్డీకి ప్రభుత్వపు పూచీ. కర్నూలునకు ఎగువన సుంకేసుల యొద్ద తుంగభద్రకు ఆనకట్ట వేసి, 1863 మొదలు 1870 వరకు త్రవ్వి, దాదాపు 190 మైళ్ల పొడవున కాలువను కడపదాక తెచ్చినారు.

నీరు వచ్చినది. కొనువారు రాలేదు.

ఆ కాలపు దొరలకు ఇది విస్మయము గొలిపినది, మనకు గొలుపదు. నల్లరేగడి నేల యెట్టిదో వీరపునాయునిపల్లె రైతును అడిగిన చెప్పును. ఒక్క మంచి వాన కురిసినచో నెలల తరబడి తేమను కడుపులో దాచుకొను నేల అది. దానిలో జొన్నయు, ప్రత్తియు, కొఱ్ఱయు నీరు కట్టకయే పండును. అట్టి నేలను మాగాణి చేయవలెనన్న చదును చేయవలెను, గెనిమలు వేయవలెను, ఎరువు తోలవలెను, ఎద్దులను కూర్చుకొనవలెను; ఇన్ని చేసి నీటితీరువ చెల్లించిన పిమ్మట వానయు సమృద్ధిగా కురిసినచో, పెట్టిన ఖర్చంతయు దండుగ. పైగా రేగడికి నీరు ఎక్కువైన చవిటిబారునను భయమొకటి. గోదావరి రైతు వరి పండించుటకు నీరు కోరినాడు; సీమ రైతు జొన్న పండించుటకు మేఘము వైపు చూచినాడు. ఇద్దరును రైతులే, ఇద్దరికిని నీరు ప్రియమే. కాని ఒకడు నీటిని కొనువాడు, మరియొకడు కొనడు. పడవల సంగతి చెప్పనక్కరలేదు. సముద్రమునకు చేరని కాలువలో సరకెక్కించుకొని ఎవరెచ్చటికి పోవుదురు? 1876–78 నాటి మహాక్షామమున వానలు ముఖము చాటువేయగా రైతులు కాలువ నీటికై ఎగబడినారు; మేఘములు కరుణించినంతనే మరల మానుకొన్నారు. తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కంపెనీనుండి కొనివేసినది.

ఈ చరిత్రలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది కంపెనీ అవివేకము గాదు. ఆ నూటికి ఐదు వంతుల పూచీ. నీరు అమ్ముడుపోయినను పోకున్నను వడ్డీ వచ్చునని ముందే తెలిసినవానికి, కట్టముందు రైతు గడప తొక్కి "ఎకరమునకు ఇంత తీరువ, నీవు కట్టుదువా? ఏదీ, మొదటి యేటిది ఇప్పుడే కట్టుము" అని అడుగవలసిన అగత్యమేమున్నది? నష్టము మరియొకరిదైనపుడు ప్రశ్న నాలుకమీదకు రాదు. ఇది 1863లో ఎంత సత్యమో ఇప్పుడును అంతయే సత్యము.

కాలువ కథ ఇంతటితో ముగియలేదని చెప్పకున్న నేను అన్యాయము చేసినవాడనగుదును. కంపెనీకి గుదిబండయైన ఆ కాలువయే నేడు కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలలో దాదాపు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టుకు ప్రాణము. మైదుకూరు, చాపాడు ప్రాంతముల వరిపైరు చూచినవాడెవడును దానిని త్రవ్వకుండిన బాగుండెడిదని యనడు. కావున బయానా పరీక్షకు కూడ ఒక హద్దు కలదు. లాభాపేక్షతో పెట్టు సరకునకు అది తగును. ప్రజలందరికిని చెందవలసిన నీటికి, బడికి, ఆసుపత్రికి, గ్రంథాలయమునకు తగదు. చదువు రానివాడు బడికి బయానా యియ్యడు. దాహముతో నున్నవానిని సంచకరువు అడుగుట పాపము. గండికోటలో 26.85 టి.ఎం.సి.ల నీటిని నిలుపుటకును, మా మండలమున సర్వరాయసాగరము కట్టుటకును ముందు రైతును చందా అడుగవలెనని నేననను. ప్రభుత్వము తాను కట్టవలసినదానిని లాభనష్టములు చూడక కట్టవలెను. కాని మేనల్లుని గానుగ సర్వరాయసాగరము కాదు. దాని నష్టమును ఏ ప్రభుత్వమును కొనివేయదు. అది కోడలి మెడలోనుండి తీసిన గొలుసుమీద నిలిచియున్నది.

ఆంధ్రదేశమున సత్యంకారమును నమ్మి పెద్దపని చేసినవారును లేకపోలేదు. 1906లో హైదరాబాదున కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, కర్నూలు బిడ్డయగు గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినపుడు, చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగువచనమున చదువువారెందరుందురో ఎవరికిని తెలియదు. ప్రబంధములకును పురాణములకును అలవాటుపడిన కాలమది. వారు శాశ్వత చందాదారులను చేర్చుకొనిరి. చందాదారుడన నెవడు? పుస్తకమును ఇంకను చూడకయే, తెలుగున ఇట్టి గ్రంథములు రావలెనను తన మాటను రూపాయలతో సత్యము చేసినవాడు. గాడిచర్లవారు వ్రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో ఆ గ్రంథమాల ఆరంభమైనది. అందువలన ఆ పుస్తకము అంగడి అలమరలో పాఠకునికొరకు ఎదురుచూడలేదు. పాఠకుడే పుస్తకముకొరకు ఎదురుచూచినాడు.

పశ్చిమదేశముల వ్యాపారచరిత్రలో నోటిమాటకును సొమ్ముకును గల ఈ భేదమునకు ఉదాహరణములు కొల్లలు. 1985లో కోకాకోలా కంపెనీ దాదాపు రెండు లక్షలమందికి క్రొత్త పానీయమును రుచి చూపి, బాగున్నదనిపించుకొని విడుదల చేయగా, జనము పాతదే కావలెనని పట్టుబట్టినందున 79 దినములలో దానిని మరల తెచ్చుకొనవలసి వచ్చినది. రెండు లక్షల నాలుకలు చెప్పిన మాటయే అట్లయినపుడు నలువది యిండ్ల మాట ఎంత? దానికి విరుద్ధముగ, 1999లో నిక్ స్విన్‌మర్న్ అను అమెరికా యువకుడు చెప్పులు ఇంటర్నెట్టులో అమ్ముడుపోవునా యని తెలిసికొనుటకు గోదాము కట్టలేదు, సరకు కొనలేదు. ఊరిలోని చెప్పుల అంగళ్లకు పోయి, ఫోటోలు తీసి, వానినే తెరమీద పెట్టి, ఎవరైన సొమ్ము చెల్లించిన దినమున ఆ అంగడికే పోయి పూర్తి వెలకు కొని పంపినాడు. జతజతకును నష్టమే, కాని ఆ నష్టముతో అతడు కొన్నది చెప్పులను గాదు, జవాబును. జాపోస్ అను పెద్దకంపెనీ అట్లు పుట్టినది.

మన దేశములోనే బయానా కూడ మోసగించిన సందర్భమొకటి కలదు. 2009 ఏప్రిలులో టాటా నానో కారునకు రెండు లక్షలకు పైగా బుకింగులు వచ్చినవి. లాటరీ తీసి కార్లు కేటాయింపవలసి వచ్చినది. పిమ్మట కొలది యేండ్లలోనే గిరాకి సన్నగిల్లి, 2018 నాటికి తయారి ఇంచుమించు ఆగిపోయినది. ఆ బుకింగులలో ఎక్కువభాగము బ్యాంకుల అప్పుతో చెల్లించినవే యని గమనించినచో నాకొకటి తోచుచున్నది. కొనువాడు తన కొంగుముడి విప్పి యిచ్చినదే సంచకరువు. పరుల సొమ్ముతో పలికినది మరల నోటిమాటతో సమానము. మొదటిసారి కొన్నవాడు రెండవసారి తనంత తాను వచ్చి కొనుట అన్నింటికంటె గట్టి సత్యంకారము.

ఇట్లు వ్రాయుచున్నపుడు రైతు సోదరుడొకడు నన్ను నిలవేసి, "మా పంటకు ఎవడిస్తాడు స్వామీ బయానా?" అని అడుగునట్లు తోచుచున్నది. వానికి చెప్పుటకు నాకడ సులభమైన సమాధానము లేదు. 1999లో విడుదలైన జె.జి. 11 అను శనగ రకము వచ్చిన తరువాత మన రేగడి చేలన్నియు బుడ్డశనగమయమైనవి. మంచి రకము, తక్కువ కాలములో చేతికి వచ్చు పంట. రైతు తప్పేమియు లేదు. ధర పలికిన యేడు చూచి మరుసటి యేడు అందరు నదే వేయగా, ధర పడిపోయి, శీతల గిడ్డంగులలో బస్తాలు ఏండ్ల తరబడి నిలువయుండుట మనమందరము చూచితిమి. గిడ్డంగి అద్దె, బ్యాంకు వడ్డీ శనగను లోలోపలనే తినివేసినవి. కొనువాడెవడో ముందే తెలిసియుండుటయు చాలదని కృష్ణాపురము ఉల్లి నేర్పినది. మన జిల్లాలో పండు ఆ చిన్న ఉల్లిని మన వంటిండ్లలో వాడరు. ఘాటెక్కువ, పరిమాణము తక్కువ. సింగపూరు, మలేషియా, థాయిలాండు వంటి దేశములకొరకే పండింతురు. 2019 సెప్టెంబరులోను, మరల 2020 సెప్టెంబరులోను కేంద్రప్రభుత్వము ఉల్లి ఎగుమతులను నిషేధించినపుడు, నాసిక్ ఉల్లికిని దీనికిని భేదమెంచక తలుపు మూసినది. పదివేల టన్నులవరకు చెన్నై రేవుద్వారా పంపుకొనవచ్చునని అనుమతి వచ్చులోపల చేలలో గడ్డ కుళ్లినవారి గతి యేమి? కొనువాడున్నాడు, సరకున్నది, నడుమ తలుపు మూతపడినది. సేద్యములో సత్యంకారము రైతొక్కడు చేయగలది కాదు. విత్తుటకు ముందే ఇంత పంటను ఇంత ధరకు కొందుమని ప్రభుత్వము ప్రకటించి నిలబడవలెను. అది వేరుగా చర్చింపదగిన పెద్దమాట.

నేను నేడు అడుగునది చిన్నమాట. చిన్న పరిశ్రమలు పెట్టుకొనువారికి సబ్సిడీ యిచ్చు పి.ఎం.ఇ.జి.పి. యను పథకము 2008 నుండి యున్నది. చిన్న ఆహారపరిశ్రమలకు 2020లో పి.ఎం.ఎఫ్.ఎం.ఇ. వచ్చినది, దాని క్రింద పెట్టుబడిలో నూటికి 35 వంతులు, పది లక్షల రూపాయలకు మించకుండ, సబ్సిడీ లభించును. సదుద్దేశముతో పుట్టిన పథకములివి. వీనివలన నిలబడిన కుటుంబములున్నవి. కాని సబ్సిడీ యంత్రముపై వచ్చును, కట్టడముపై వచ్చును. అడిగి తెలిసికొనుటపై రాదు. కావున యువకుడు మొదట కట్టును, పిదప అడుగును. 1863 నాటి పూచీ ఏ పని చేసినదో నేటి సబ్సిడీయు నదే పని చేయుచున్నది. అప్పు మంజూరు చేయు బ్యాంకు అధికారులును, జిల్లా పరిశ్రమల కేంద్రమువారును దరఖాస్తులో "విపణి అవకాశములు" అను ఆ ఎరువుదెచ్చుకొన్న పుటను చించివేసి, దాని స్థానమున ఒక్క గడి పెట్టుదురు గాక: ఈ సరకునకు ఇంతవరకు ఎందరు బయానా యిచ్చినారు? వారిలో చుట్టములు కానివారెందరు? ఆ గడి నింపుకొనుటకై, యంత్రము కొనకముందే, మరియొకరి గానుగలో ఆడించి తెచ్చిన నూరు సీసాలు సంతలో అమ్మి చూచుటకై, యువకునికి ఒక పాతికవేలు తిరిగి చెల్లింపనక్కరలేని సాయముగ ఇచ్చినచో, ప్రభుత్వమునకు మిగులునది లక్షలలో నుండును. అమ్ముడుపోకున్న వాడు ఒక నెల పోగొట్టుకొనును. పదునాలుగు నెలలు కాదు.

యువకులకును ఒక విన్నపము. అయినవారిని అడుగకుడు, అడిగినను వారి మెచ్చుకోలును లెక్కలోనికి తీసికొనకుడు. మీయందలి ప్రేమచేత వారు సత్యము చెప్పలేరు. వెల చెప్పి అడుగుడు. సంకోచింపక, వంద రూపాయలైనను ముందుగా అడుగుడు. "చూద్దాములే" యని చేయి వెనుకకు తీసికొన్నవాడు మిమ్ము అవమానించినట్లు కాదు. మీ యింటి నగను కాపాడినట్లు.

మేనల్లుడు ఇప్పుడు పాతకాలపు గానుగవాని పద్ధతికి వచ్చినాడు. రైతులు తమ శనగవిత్తనాలు తామే తెచ్చుకొందురు. వాడు కూలికి ఆడించి యిచ్చును, చెక్కను పాడిరైతులకు అమ్ముకొనును. తన సొంతనూనెను పండుగలకు మాత్రమే, అదియు పొదుపు సంఘముల ఆడవారు ముందుగా పేర్లు వ్రాయించుకొన్న మేరకే తీయును. మొన్నటి సంక్రాంతికి ముందు వాని నోటుపుస్తకము చూచితిని: అరువదిమూడు పేర్లు, ఒక్కొక్క పేరునకెదురుగ వంద రూపాయల బయానా, ప్రక్కన పుచ్చుకొన్న తేది. అరువదిమూడు డబ్బాలే ఆడించినాడు. పండుగ మరునాటికి కొట్టములో ఒక్కటియు మిగులలేదు. కోడలి గాజులు ఇంటికి వచ్చినవి. గొలుసు ఇంకను ప్రొద్దుటూరిలోనే యున్నది.